ఎర్ర తువ్వాలు, తెల్ల చొక్కాలు

భార్యకు స్టూడెంట్ వీసా రాలేదని తెలిసిన సాయంత్రం దుప్పట్ల దొర ఎంత బాధపడ్డాడంటే, చివరికి ఆమే ఆయన్ని ఓదార్చాల్సి వచ్చింది.

"పోనీలెండి. మీరంత ఇదైపోకండి" అంది ఆమె.

"అది కాదు, వాళ్ళకి కళ్ళున్నాయా అంట!" అంటూ దొర మంచినీళ్ళ వంకన వంటింట్లోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. వచ్చేటప్పుడు మొహం మళ్ళీ వేలాడేసుకుని వచ్చాడు.

దొర అంటే ఆస్తిపాస్తులున్న దొర అనుకునేరు. పెద్దాసుపత్రి లాండ్రీకి సూపర్వైజరు. రోజూ వందల దుప్పట్లు ఆయన కళ్ళముందు మాసినవి వచ్చి తెల్లగా వెళ్తాయి. రక్తం గానీ, మందు గానీ, సిరా గానీ, ఎంతటి మరకైనా ఈయన్ని చూస్తే తోక ముడుస్తుందని అక్కడ పనిచేసేవాళ్ళ నమ్మకం. ఆ బిరుదు వాళ్ళిచ్చిందే.

ఆమె పనిచేసేది లైబ్రరీలో. చిరిగిన పుస్తకాలకు జిగురు, దారం, పల్చటి కాగితం పెట్టి ప్రాణం పోస్తుంది. చదువుకోవడానికి వచ్చేవాళ్ళంతా ఆమెను డాక్టరమ్మ అంటారు. పురుగు తిన్న కాగితాన్ని కూడా బతికించే విద్య నేర్పే ఏడాది కోర్సు పరాయి దేశంలో ఒకటుందని తెలిసి, తల నెరుస్తున్న వయసులో దరఖాస్తు పెట్టింది. సీటొచ్చింది. దొర ఆ సంగతి కనపడ్డవాడికల్లా చెప్పుకుని మురిసిపోయాడు. చెప్పుకున్నన్నాళ్ళూ బాగానే ఉంది. అటకమీది సూటుకేసు కిందికి దిగిన రోజున మాత్రం గుండెలో రాయి పడింది.

ఇంట్లో ఉండేది ఇద్దరే. పొద్దంతా మెషీన్ల హోరులో గడిపి వచ్చే మనిషికి సాయంత్రం ఆమె మాటలే విశ్రాంతి. ఏడాదిపాటు ఎదురుగా ఖాళీ కుర్చీ పెట్టుకుని అన్నం తినడమంటే ఆయనకు ముద్ద దిగదు. ఆ మాట ఆమెతో అనడానికా, నోరు రాదు.

మర్నాడు ఆమె తమ్ముడు ఊడిపడ్డాడు. ఇతను ఒక లాయరు దగ్గర గుమాస్తా. హోటల్లో కాఫీ చల్లారినా పైకోర్టుకు పోతానంటాడు కాబట్టి అందరూ "అప్పీలు" అని పిలుస్తారు.

"అక్కా, అప్పీలు చేద్దాం!" అన్నాడు చెప్పులైనా విప్పకుండా.

"దీనికి అప్పీలు లేదురా, కాగితంలోనే రాశారు. కావాలంటే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చుట."

"ఎందుకు ఇవ్వలేదుట?"

"చదువయ్యాక తిరిగి ఇంటికి వెళ్తానన్న నమ్మకం వాళ్ళకి కలగలేదుట."

దొర గొంతు సవరించుకున్నాడు. "పోనీ, ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్లో నేర్చుకోరాదూ?"

"పుస్తకాల పురుగుని కంప్యూటర్లో పట్టుకోమంటారా?"

"ఇంకో దేశంలో ఇలాంటి కోర్సు ఉందేమో చూడు. మెల్లగా, ఓ రెండేళ్ళు వెతికి..."

"మెల్లగా వెతికితే నేనే పాత పుస్తకాన్నవుతాను." ఆమె కాగితం మడిచి పెట్టింది. "కాలేజీకి రాశానండీ. సీటు వచ్చే బ్యాచ్ దాకా అట్టే పెడతామన్నారు. ఒక పేజీ చిరిగిందని పుస్తకం పారేస్తామా? ఎక్కడ చిరిగిందో చూసి అక్కడ అతికించాలి. మళ్ళీ పెడతాను."

దొర తలూపాడు. అదే తలలో పథకం మొలిచింది.

వెళ్ళొద్దనకూడదు. వెళ్ళలేనని ఆమే అనాలి. తను లేకపోతే ఈ ఇల్లూ, ఈ మొగుడూ ఏమైపోతారోనని ఆమెకు బెంగ పుట్టాలి. అంతే, పామూ చస్తుంది, కర్రా విరగదు.

"ఇవాళ్టి నుంచి ఇంటిపని నాకొదిలెయ్" అన్నాడు ఆ ఆదివారం. "నువ్వెళ్ళాక ఎలాగూ తప్పదు. ఇప్పట్నించీ అలవాటు చేసుకుంటా."

"మీరా?" అంది ఆమె. ఆ ఒక్క మాటలో అనుమానం వినబడిందని దొర సంబరపడ్డాడు.

మొదట గుడ్లు ఉడకబెట్టాడు. నీళ్ళు ఇగిరిపోయేదాకా పొయ్యి దగ్గర నిలబడి, అవి పేలేదాకా ఓపిగ్గా కనిపెట్టుకుని ఉన్నాడు. ఒకటి పైకప్పుకు అంటుకుంది.

"అయ్యయ్యో! గుడ్డు కూడా ఉడకబెట్టడం రాదు నాకు. నువ్వెళ్తే నా గతేమిటో!" అన్నాడు దీనంగా.

ఆమె పైకప్పు వైపు చూసింది. "కొత్తలో అలాగే ఉంటుందిలెండి. నిచ్చెన వెయ్యండి, తుడవాలి" అని పుస్తకం తీసుకుంది.

నిచ్చెన ఎక్కి పైకప్పు గోకుతూ, బెంగ తాలూకు ఛాయలేమైనా ఉన్నాయేమోనని దొర ఆమె మొహంలోకి తొంగి చూశాడు. ఛాయలు లేవు. పేజీలు మాత్రం తిరుగుతున్నాయి.

తర్వాత తాళంచెవి లోపల పెట్టి తలుపు లాగేసుకున్నాడు. అప్పీలు వచ్చి కిటికీలోంచి దూరి గడియ తీస్తూ, ఈ తాళం కంపెనీ మీద కేసు వేద్దాం బావా అన్నాడు. ఆమె నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు చూసి దొరకు నిద్ర పట్టలేదు. ఇలా కాదు, పెద్ద దెబ్బే తీయాలనుకున్నాడు.

ఇంట్లో వాషింగ్ మెషీన్ ఆయన ఎన్నడూ ముట్టుకుని ఎరగడు. ఆఫీసు పని ఇంటికి తేవొద్దని ఆమె ఆజ్ఞ. ఆ రోజు ఆమె లైబ్రరీకి వెళ్ళగానే తన తెల్లచొక్కాలన్నీ మెషీన్లో వేసి, వాటి నడుమ రంగు వదిలే ఎర్ర తువ్వాలొకటి జాగ్రత్తగా దాచాడు. వృత్తిధర్మం గుండెలో కలుక్కుమంది. కళ్ళు మూసుకుని, సబ్బుపొడి పోసి, మీట నొక్కాడు.

అంతవరకూ నటనే. ఆ తర్వాత జరిగింది మాత్రం నిజం. ఆస్పత్రిలో ఒక మెషీను వందమంది రోగుల దుప్పట్లు మింగుతుంది. దొర చేతికి తెలిసిన కొలత అదొక్కటే. అలవాటు చొప్పున ఆ కొలతే పోసేశాడు.

నురగ మూత నెట్టుకుని బయటికి వచ్చింది. వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి మెట్ల మీదికి మెల్లగా, మర్యాదగా నడిచింది. అదీ గులాబీ రంగులో. దొర తుడుచుకర్రతో వెంటపడితే ఇంకా పొంగింది. కిందింటి మామ్మగారు మోకాలిలోతు నురగలో మెట్లెక్కి వచ్చి, "నాయనా, మీ ఆవిడ ఇంకా విమానం ఎక్కనే లేదు కదా!" అంది.

సాయంత్రం ఆమె వచ్చి చూసింది. తీగ మీద వరసగా గులాబీ చొక్కాలు. కింద తడిసి ముద్దయిన మొగుడు.

"నావల్ల కాదే! నువ్వు లేకపోతే ఈ ఇంటికి దిక్కులేదు" అన్నాడు దొర. ఈసారి సగం నిజంగానే అన్నాడు.

ఆమె ఒక చొక్కా తీసి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత మడతపెట్టి లోపలికి తీసుకెళ్ళింది. బెంగ పుట్టిందనుకున్నాడు దొర. ఆ రాత్రి కడుపునిండా భోంచేశాడు.

రెండో ఇంటర్వ్యూకు ఆయనే తోడు వెళ్ళాడు. బయట బెంచీ మీద కూర్చుని, మొహం బాధగా పెట్టడం మరోసారి సాధన చేశాడు. ఆమె చంకలో ఫైలుతో బయటికి వచ్చింది. కళ్ళు మెరుస్తున్నాయి.

"ఇచ్చారండీ!"

సాధన అవసరం లేకుండానే బాధ మొహం దానంతటదే వచ్చేసింది. "ఎలా ఇచ్చారు?" అన్నాడు నీరసంగా.

"కిందటిసారి ఇంట్లో ఎవరుంటారని అడిగాడు వీసా ఆఫీసరు. మావారుంటారండీ, అన్ని పనులూ వచ్చిన మనిషి, నేను లేకపోయినా ఇల్లు చక్కగా నడుస్తుంది అన్నాను గొప్పగా. ఇంక తిరిగి వెళ్ళే పనేముందనుకున్నాడు కాబోలు, ఇవ్వలేదు. ఈసారి లైబ్రరీవాళ్ళ దగ్గర సెలవు కాగితం తెచ్చాను. తిరిగొస్తే నా ఉద్యోగం నాకే ఉంటుందని రాయించాను. దాంతోపాటు..." ఫైలు తెరిచింది. అందులో గులాబీ చొక్కా. "గుడ్ల సంగతీ, తాళం సంగతీ, నురగ సంగతీ చెప్పాను. ఇలాంటి మనిషిని వదిలేసి అక్కడ ఉండిపోతానా అన్నాను. ఆయన చొక్కా చూసి చూసి నవ్వాడు. వాళ్ళావిడ కూడా ఆయన్ని మెషీను ముట్టుకోనివ్వదుట."

దొర నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. తను తవ్విన గోతిలో తనే పడ్డం అందరికీ జరిగేదే. ఆయన మాత్రం ఆ గోతిలోంచి భార్యకు విమానం దాకా దారి వేశాడు.

"మరి నా గతేమిటి? గుడ్డు ఉడకబెట్టడం కూడా..."

"ఇంక చాల్లెండి" అంది ఆమె. "నాకు విషజ్వరం వచ్చినప్పుడు నెల్లాళ్ళు వండి పెట్టిందెవరు? ఇరవయ్యేళ్ళుగా దుప్పటి మీద మరక మిగల్చని మనిషి తెల్లబట్టల్లో ఎర్ర తువ్వాలు వేస్తాడా? అక్కడే దొరికిపోయారు. నేను లేకపోయినా మీకేం ఫరవాలేదని తెలుసు కాబట్టే ధైర్యంగా వెళ్తున్నా."

దొరకు ఇంక దాక్కునే చోటు లేదు.

"వెళ్ళొద్దని ఒక్క మాట అంటే సరిపోయేదిగా?" అంది ఆమె మెల్లగా.

"అంటే ఆగిపోతావు కదే" అన్నాడు దొర. "నామూలంగా ఆగిపోయావన్న మాట నేను మొయ్యలేను. నువ్వు లేని ఇల్లూ మొయ్యలేను. ఏం చెయ్యాలో తెలీక గుడ్లు పేల్చాను."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఆ బెంచీ మీద కాసేపు కూర్చున్నారు.

ఆమె వెళ్ళిన మర్నాడు దొర గులాబీ చొక్కా వేసుకుని లాండ్రీకి వెళ్ళాడు. పనివాళ్ళు నోళ్ళు తెరిచారు.

"ఇలా ఇవ్వండి సార్, అరగంటలో తెల్లగా చేసేస్తాం" అన్నాడొకడు.

"నాకు తెలీదా ఏమిటి?" అన్నాడు దొర. "ఆవిడ వచ్చి చెయ్యాల్సిన పని ఒకటైనా ఇంట్లో ఉండనీవోయ్."