చేపను ఎవరు కోశారు?

మా ఆసుపత్రి అన్ని మతాల కడుపులనూ సమానంగా గౌరవిస్తుంది. కావాలంటే రుజువు చూపిస్తాను, నాలుగు పేజీలుంటుంది. దాన్ని ప్రత్యేక ఆహార అభ్యర్థన పత్రం అంటారు. అది ఇచ్చే కిటికీ దగ్గర పద్దెనిమిదేళ్లుగా కూర్చున్నది నేనే (కుర్చీ మాత్రం రెండుసార్లు మారింది).

ఒక సోమవారం, తుంటి ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడ కోడలు వచ్చింది.

"అత్తమ్మకి బలమైన తిండి పెట్టకపోతే నడక రాదన్నారండీ డాక్టరుగారు. మేం హలాల్ మాంసమే తింటాం. ఇంట్లో వండి తెచ్చుకోనా?"

బయటి తిండి నిషేధం. ఫారం ఇచ్చాను. హలాల్ అన్న గడిలో టిక్కు పెట్టింది. పాపం, అక్కడే ఇరుక్కుపోయింది.

మా నిబంధన ప్రకారం ఆ టిక్కు పడ్డాక పళ్ళెంలోకి వచ్చే ప్రతి పదార్థానికీ కోత ధ్రువపత్రం ఉండాలి. ఎవరు కోశారు, కోసేటప్పుడు దేవుడి పేరు తలచారా, కింద సంతకం. మా వంటశాల కోడికి అది లేదు.

"పోనీ చేప పెట్టించండి. చేపకి మాకు అవేమీ అక్కర్లేదు," అంది.

"చేపను ఎవరు కోశారు?"

"ఎవరూ కొయ్యక్కర్లేదండీ! నీళ్లలోంచి తీస్తే చాలు."

"ఆ ముక్కే పట్టినవాడి చేత రాయించుకురండి."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, గుడ్డయినా చాలంది. గుడ్డు విషయం పైకి పంపాను. ఆహార సమభావ ఉపసంచాలకులు (ఎవరి మనసూ నొప్పించకూడదని ఏ ఫైలూ తేల్చని సున్నిత మనస్కులు) "కోయవలసిన జీవి ఇంకా పుట్టలేదు, పుట్టాక సమర్పించగలరు" అని రాశారు. బంగాళాదుంప తొక్క తీయడం కోత కిందికి వస్తుందా రాదా అని మూడు రోజులు చర్చ జరిగింది. ఈలోగా పెద్దావిడ టీ తాగుతూ ఉంది. టీ నా విభాగం కాదు.

ఆరో రోజు కోడలు పరుగున వచ్చింది. "ఆ టిక్కు కొట్టేయండి బాబూ, మీకు దణ్ణం పెడతాను!"

కొట్టేయడం కుదరదు, విరమణ పత్రం ఉంది. "ఇకపై నేను ఏ మాంసమైనా తింటాను" అని రోగి సంతకం చేయాలి. నేనే స్వయంగా వార్డుకు తీసుకెళ్లాను.

"ప్రాణం మీదికొస్తే మన మతంలో మినహాయింపు ఉందిగా అత్తమ్మా, సంతకం పెట్టేయండి," అని కోడలు ఏడ్చింది.

పెద్దావిడ కళ్లద్దాలు పెట్టుకుని అంతా చదివింది (మా ఫారం పూర్తిగా చదివిన మొదటి మనిషి). "వేరే తిండి దొరకనప్పుడే మినహాయింపు, అమ్మాయ్. కింద వంటశాలలో చేప ఉందిగా! అది పెట్టడం మానేసి నా చేత అబద్ధం రాయిస్తారా?" అని కలం నా చేతికిచ్చేసింది. నాకు నిజంగానే సిగ్గేసింది. అయినా కాగితం మీద తేదీ వేసి ఫైల్లో పెట్టాను.

తొమ్మిదో రోజుకి ఆమె లేచి కూర్చోలేకపోయింది. ముక్కులో గొట్టం వేసి, డబ్బాలోంచి ఏదో పాలరంగు ద్రవం ఎక్కించారు.

"ఇందులో ఏముందండీ?" అని కోడలు అడిగింది.

"నోట్లోంచి వెళ్తేనే ఆహారమమ్మా. ఇది చికిత్స. దీనికి ఫారం అక్కర్లేదు," అన్నాను.

పదో రోజు మధ్యాహ్నం చేపకు అనుమతి వచ్చింది. మూడు సంతకాలు, రెండు ముద్రలు. పళ్ళెం వేడివేడిగా పైకి వెళ్లి, ముట్టకుండానే కిందికి వచ్చింది. తిరిగొచ్చిన పళ్ళేనికి కారణం రాయాలి. మా దగ్గర ఉన్న కారణాలు రెండే: వంట బాగాలేదు, రోగి మొండితనం.

వంటవాడు పిల్లలు గలవాడు. రెండోదే రాశాను.