స్పానిష్ వైట్ మాత్రమే

ఆ శుక్రవారం ఉదయం సుందర్ రాజ్ వేసుకున్న ప్లానులో చిక్కేమీ లేదు. మధ్యాహ్నం ఆఫీసువాళ్ళతో రెస్టారెంట్‌లో భోజనం, సాయంత్రం భార్య లూసీతో వెళ్ళి చేపలు కొనడం, రాత్రికి తెలుగు క్రైస్తవ సంఘంవాళ్ళు ఇళ్ళల్లో జరుపుకునే కాటేజీ ప్రార్థన. అమెరికాలోని పిస్కాటవేలో మందుల కంపెనీలో కెమిస్టుగా చేరి మూడేళ్ళయింది. గ్రీన్ కార్డు కాగితాలు మేనేజర్ హార్‌గ్రేవ్ బల్ల మీద సంతకం కోసం ఎదురుచూస్తున్నాయి. వీసా గడువు దగ్గర పడుతోంది. అందుకని 1985 వేసవి మొత్తం హార్‌గ్రేవ్ మనసు నొప్పించే పనేదీ చేయకూడదని సుందర్ రాజ్ కంకణం కట్టుకున్నాడు.

రెస్టారెంట్‌లో వెయిటర్ వైన్ సంగతి అడుగుతూ వచ్చాడు. సుందర్ రాజ్ బాప్తిస్మం తీసుకున్న రోజున చుక్క ముట్టనని అమ్మకు మాటిచ్చిన మనిషి. ఆ ముక్క బయటికి చెప్పేయవచ్చు కదా అంటారేమో. ఒకసారి చెప్పి చూశాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా మాటలు ఆపేశారు. ఒకాయన అతని లివర్ ఎలా ఉందని జాలిగా అడిగాడు.

అందుకే ఈసారి అమ్మ నేర్పిన విద్య తీశాడు. చీరాలలో జ్ఞానమ్మ గారు ఎవరింటికి వెళ్ళినా కాఫీ వద్దనేవారు కాదు. "వద్దంటే నొచ్చుకుంటార్రా. వాళ్ళింట్లో లేనిది అడుగు. అయ్యో లేదే అని వాళ్ళే వదిలేస్తారు," అనేవారు. అందుకని, "నాకు తాటిబెల్లం కాఫీ అయితేనే పడుద్దమ్మా" అని ఆవిడ ఊరంతా తిరిగొచ్చేవారు. గడప గడపకీ మర్యాద దక్కేది, కాఫీ తప్పేది.

వెయిటర్ ఫ్రాన్స్ అన్నాడు, ఇటలీ అన్నాడు, కాలిఫోర్నియా అన్నాడు. సుందర్ రాజ్ మనసులో ప్రపంచ పటం పరుచుకుని, మిగిలిన దేశం వెతుక్కున్నాడు.

"నాకు స్పానిష్ వైట్ వైన్ అయితేనే పడుతుందండీ," అన్నాడు.

అది తమ దగ్గర లేదని వెయిటర్ చిన్నబోయి మంచినీళ్ళు తెచ్చాడు. గండం గడిచిందన్న సంతోషంలో సుందర్ రాజ్ ఆ నీళ్ళు గటగటా తాగేశాడు. పక్కనే హార్‌గ్రేవ్ గ్లాసు పోసింది పోసినట్టే ఉండిపోయిన సంగతి చూడనేలేదు.

పాపం జ్ఞానమ్మ గారికి తెలియని సంగతి ఒకటుంది. చీరాలలో లేనిది అడిగితే లేదంటారు. అమెరికాలో లేనిది అడిగితే తెప్పిస్తారు.

సోమవారం ఉదయానికి సుందర్ రాజ్ బల్ల మీద పొడుగాటి సీసా ఉంది. పక్కన హార్‌గ్రేవ్ చిరునవ్వుతో నిలబడి ఉన్నాడు. "న్యూయార్క్ వెళ్ళినప్పుడు వెతికి పట్టాను. రుయేదా అట. ఎలా ఉందో రేపు చెప్పాలి."

సీసా ఇంటికొచ్చేసరికి లూసీ పుస్తకం మూసి లేచి నిలబడింది. "ఏవండీ, ఇదేంటి?"

"మొహమాటం," అన్నాడు సుందర్ రాజ్.

తాగకుండా రుచి చెప్పాలంటే చదువొక్కటే దారి. కౌంటీ లైబ్రరీలో వైన్ పుస్తకం దొరికింది. మర్నాడు ఆఫీసులో, "రుయేదా అంటే పగలు ఎండ, రాత్రి చలి ఉండే పీఠభూమి కదా. ఆ వెర్దేహో ద్రాక్షకి కొంచెం పచ్చగడ్డి వాసన ఉంటుంది," అన్నాడు. హార్‌గ్రేవ్ ముచ్చటపడిపోయాడు. అదే కొంప ముంచింది. ఆయన ఎక్కడికి వెళ్ళినా ఒక సీసా తేవడం మొదలుపెట్టాడు. క్లయింట్లతో భోజనాలకు సుందర్ రాజ్‌ని పక్కనే కూర్చోబెట్టుకుని, "మా సుందర్‌ని అడగండి," అనేవాడు. అక్కడ స్పానిష్ వైట్ ఉండదు గనక మంచినీళ్ళే తాగుతూ, వాళ్ళు అడిగినా అడగకపోయినా సుందర్ రాజ్ చెప్పేవాడు.

సండే స్కూల్లో కంఠత వాక్యాలకు ఏటా బహుమతి కొట్టిన బుర్ర అది. లూసీ చేపలు కడుగుతూ పాఠం ఒప్పజెప్పించుకునేది.

"పెనెడెస్?"

"బార్సిలోనా పక్కన. ద్రాక్షలు మకబేయో, షరేల్యో, పరెయాద."

"హెరెస్?"

"సున్నపు నేల, తెల్లగా మెరుస్తుంది. ప్రతి రెస్టారెంట్‌లోనూ ఉండే షెర్రీ అక్కడిదే. అదీ స్పెయిన్ తెల్ల వైనే అని ఆ వెయిటర్‌కి తట్టుంటే ఆ రోజే దొరికిపోయేవాణ్ణి."

"ఇప్పుడు మాత్రం దొరకలేదా?" అంది లూసీ. బేస్‌మెంట్‌లో బియ్యం బస్తాల వెనక సీసాలు వరసకట్టాయి. కాటేజీ ప్రార్థన వాళ్ళింట్లో జరిగిన రాత్రి, అన్నం చాలక ఎవరో బియ్యం తెస్తామని కిందికి బయలుదేరితే, మెట్ల మీద లూసీ అడ్డంగా నిలబడి రెండు కీర్తనలు పాడించింది.

సెప్టెంబరులో అసలు పిడుగు పడింది. "కంపెనీకి యంత్రాలు అమ్మే ఓతెరో గారు స్పెయిన్ నుంచి వస్తున్నారు," అన్నాడు హార్‌గ్రేవ్. "మా ఇంట్లో భోజనం. మీరిద్దరూ రావాలి. అన్నట్టు, మీ కాగితాలు చూశాను. భోజనం అయ్యాక మాట్లాడుకుందాం."

ఆ రాత్రి సుందర్ రాజ్‌కి నిద్ర పట్టలేదు. తాగితే అమ్మకిచ్చిన మాట పోతుంది. తాగకపోతే ఇన్నాళ్ళ అబద్ధం బయటపడి సంతకం పోతుంది. అబద్ధాలకోరుకి గ్రీన్ కార్డు ఎవరిప్పిస్తారు?

ఓతెరో పెద్దమనిషి, మెత్తటివాడు. తనది గలీసియా అని చెప్పగానే సుందర్ రాజ్ నోరు దానంతటదే తెరుచుకుంది. ఎప్పుడూ వానలు కురిసే సముద్రపు ఒడ్డు, రాతి స్తంభాల మీద పందిళ్ళుగా పాకే అల్బారీనో ద్రాక్ష తీగలు, చేపలతో తాగే వైన్ అని చెప్పుకుపోయాడు. ఓతెరో కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఈ దేశంలో మా ఊరి వాన గురించి చెప్పినవాళ్ళు మీరొక్కరే," అంటూ ఆయన లేచి, సంచిలోంచి చీటీ లేని సీసా ఒకటి తీశాడు. "ఇది మా నాన్న చేసింది. షాపుల్లో దొరకదు. ముందు మీరు తాగి ఎలా ఉందో నిజం చెప్పాలి."

గ్లాసు చేతికొచ్చింది. బల్ల కింద లూసీ అతని కాలు తొక్కింది. ఆ మనిషి తండ్రి చేతి కష్టం గురించి పుస్తకంలోంచి అబద్ధం చెప్పడానికి సుందర్ రాజ్‌కి నోరు రాలేదు. గ్లాసు మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"సర్, నేను పుట్టి బుద్ధెరిగి వైన్ తాగలేదు. మా అమ్మకి మాటిచ్చాను. వద్దని చెప్పడం చేతకాక ఆ రోజు అలా అన్నాను," అని తాటిబెల్లం దగ్గర్నుంచి బియ్యం బస్తాల దాకా మొత్తం చెప్పేశాడు. చెప్పాక లూసీ వైపు చూశాడు. ఆమె తల వంచుకుంది గాని, కాలు మాత్రం తీసేసింది.

హార్‌గ్రేవ్ తన గ్లాసు సుందర్ రాజ్ ముక్కు దగ్గర పెట్టాడు. ఆపిల్ జ్యూస్.

"మానేసి ఆరేళ్ళయింది," అన్నాడు నెమ్మదిగా. "ఒకప్పుడు బాగా తాగేవాణ్ణి, ఇల్లు కూలిపోబోయింది. ఈ ఉద్యోగంలో ప్రతి భోజనానికీ వైన్ ఉంటుంది, ఎందుకు తాగట్లేదని ప్రతివాడూ అడుగుతాడు. మీరు పక్కన కూర్చుంటే అందరూ మీ మాటలే వినేవాళ్ళు. నా గ్లాసు వైపు ఒక్కడూ చూడలేదు. ఈ వేసవిలో నేను భయపడకుండా భోంచేశాను, సుందర్."

ఓతెరో ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. "అంటే ఇక్కడ తాగేవాణ్ణి నేనొక్కణ్ణేనా?" అని, తండ్రి వైన్ తనే పోసుకుని హాయిగా చప్పరించాడు. మర్నాడు బేస్‌మెంట్ సీసాలు కూడా ఆయన సూట్‌కేసులోకే వెళ్ళాయి. స్పెయిన్ వైన్ మోసుకుని స్పెయిన్ మనిషి స్పెయిన్‌కి విమానం ఎక్కాడు.

సంతకం తర్వాతి సోమవారమే అయింది. ఆ వారమే శనివారం నాడు హార్‌గ్రేవ్ సుందర్ రాజ్ ఇంటికి భోజనానికి వచ్చాడు. చేపల పులుసు మూడుసార్లు వడ్డించాక, కుర్చీలోంచి లేవలేని స్థితిలో ఉన్న మనిషిని లూసీ కాఫీ ఇమ్మంటారా అని అడిగింది. ఆయన సుందర్ రాజ్ వైపు చూసి కన్ను గీటాడు.

"నాకు తాటిబెల్లం కాఫీ అయితేనే పడుతుంది."

"అలాగేనండీ," అంటూ లూసీ వంటింట్లోకి నడిచింది. చీరాల నుంచి తాటిబెల్లం వచ్చింది నిన్ననే.