ఇంట్లో మనిషి ఉన్నట్టు

అక్టోబరు ఆఖరి ఆదివారం ఏటా చలికాలానికి చేసినట్టే గడియారాలు గంట వెనక్కి తిప్పుకుని మిల్‌గేట్ వీధి అంతా హాయిగా మరో గంట నిద్రపోయింది. క్లిఫర్డ్ ఆగ్డెన్ మాత్రం తెల్లారకుండానే లేచి, ముందుగదిలో నేలమీద చతికిలబడి దీపాలకి టైమర్లు బిగిస్తున్నాడు. ఇవాళ్టి నుంచి టీ వేళకే చీకటి పడుతుంది. చీకటి పడితే దొంగలు పడతారు. పోలీసులు పంచిన కరపత్రంలో ఇంత సొంపుగా లేదు గానీ భావం ఇదే, ఆ కరపత్రం ఆయనకి కంఠోపాఠం.

బస్సుల్లో టికెట్టు లేనివాళ్లని పట్టుకుంటూ ఉద్యోగమంతా గడిపిన మనిషి. రిటైరయ్యాక పట్టుకోవడానికి ఎవరూ దొరక్క కొన్నాళ్లు నీరసపడి, చివరికి వీధి కాపలా సంఘం పెట్టి తనే అధ్యక్షుడయ్యాడు. ఏకగ్రీవంగా ఎన్నికయ్యానని చెప్పుకుంటాడు. వేరే ఎవరికీ ఆ పదవి అక్కర్లేదన్న మాట మాత్రం చెప్పడు. పసుప్పచ్చగా మెరిసే కోటు వేసుకుని తిరుగుతాడు గనక వీధివాళ్లు చాటుగా ఆయన్ని దీపస్తంభం అంటారు.

భార్య డోరీన్ ఆస్పత్రి వంటశాలలో పొద్దుటి షిఫ్టు చేస్తుంది. ఆయన లేచేసరికి ఆవిడ ఉండదు. మూడింటికి ఆవిడ వస్తుంది, చీకటి పడగానే ఆయన గస్తీకి పోతాడు. ఆయన గురక ధర్మమా అని పడగ్గదులు ఎప్పుడో వేరయ్యాయి. మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకునేది ఆ మధ్యలో దొరికే కాసేపే. ఆ కాసేపూ కరపత్రానికే సరిపోయేది.

ఆ ఆదివారం మూడింటికి పనినుంచి వచ్చాక డోరీన్ టీ కప్పుతో గుమ్మంలో నిలబడింది.

"ఏమిటీ తీగలు? ఇల్లా, టెలిఫోను ఎక్స్చేంజా?"

"టైమర్లు. ముందు ఈ గదిలో దీపం వెలుగుతుంది, తర్వాత మెట్లమీద, ఆ తర్వాత మేడమీద నీ గదిలో. మధ్యలో వంటింట్లో రేడియో. బయటినుంచి చూసేవాడికి ఇంట్లో మనిషి తిరుగుతున్నట్టే ఉంటుంది."

"ఇంట్లో మనిషి తిరుగుతూనే ఉందిగా. నేను."

"నువ్వు ఒక పద్ధతిగా తిరగవు డోరీన్. దీపం వేసి మర్చిపోతావు. టైమరు మర్చిపోదు."

"పోనీ సాయంత్రాలు నువ్వే ఇంట్లో కూర్చో. మనిషి ఉన్నట్టు నటించక్కర్లేదు, ఉన్నాడనే అనుకుంటారు."

"నేనింట్లో కూర్చుంటే వీధినెవరు చూస్తారు?"

"వీధిని చూడు, వద్దన్నదెవరు. మరి నన్నెవరు చూస్తారు?"

"నీకేం, రేడియో పెట్టానుగా."

డోరీన్ కప్పు కింద పెట్టింది. "వేళాకోళం కాదు క్లిఫ్. పోయిన చలికాలమంతా ఈ గోడలతోనే మాట్లాడాను. మళ్లీ నావల్ల కాదు. వారానికి ఒక్క సాయంత్రం నాతో కూర్చో. ఒక్కటంటే ఒక్కటి. లేదంటే నా దారి నేను చూసుకుంటాను."

"చూసుకుంటే చూసుకో గానీ, కాలవగట్టు దారి మాత్రం వద్దు," అన్నాడు క్లిఫర్డ్ ప్లగ్గు బిగిస్తూ. "అటు దీపాల్లేవు."

ఆవిడ ఆయన నడినెత్తిమీది బట్టతల కేసి కాసేపు చూసి, కప్పు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. చెప్పినమాట విన్నదని ఆయన సంతోషించాడు.

తర్వాతి వారం కుక్క వచ్చింది. నిజం కుక్క కాదు, తలుపు దగ్గర అలికిడైతే మొరిగే పెట్టె. దానికి రెక్స్ అని పేరు పెట్టి, వేళకి తుడిచి, గొంతు బొంగురుపోయిందేమో అని రోజూ పరీక్షించేవాడు. డోరీన్ పనినుంచి వచ్చి తాళం తీసిన ప్రతిసారీ అది ఆవిడమీద పడి మొరిగేది.

"దీనికి నేనెవరో తెలియదా?" అంది ఆవిడ.

"దానికి అందరూ ఒకటే. అదే దాని గొప్ప."

"ఇంటిమనిషిని పోల్చుకోలేకపోవడం ఈ ఇంట్లో గొప్పే మరి."

క్లిఫర్డ్‌కి అది మెచ్చుకోలుగా వినబడింది. ఆ సాయంత్రమే సంఘాన్ని సమావేశపరిచాడు. సంఘమంటే ఇద్దరు. ఎదురింటి బెరిల్, కిటికీ తెర పక్కకి జరిపి వీధిని చూడటంలో జీవితం అరగదీసిన విధవరాలు. పక్కింటి పెర్సీ, చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి, అంతకంటే ఒక్క పిసరు ఎక్కువ చెయ్యడు.

"తెలియని మొహం కనబడితే వెంటనే నాకు చెప్పండి," అన్నాడు క్లిఫర్డ్. "తెలిసినవాళ్ల గురించి చాడీలు మోసుకురాకండి, నాకు తీరికలేదు. చీకట్లో మనవాళ్లెవరైనా సామాను మోస్తుంటే చూస్తూ నిలబడకుండా సాయం పట్టండి. మంచి ఇరుగుపొరుగంటే అదీ."

పెర్సీ తల ఊపాడు. పేట పోలీసు నస్రీన్ వచ్చే శుక్రవారం వచ్చి వీధిని చూస్తుందనీ, నచ్చితే ఆదర్శ గృహమని ఊరి పత్రికలో ఫోటో వేయిస్తుందనీ అధ్యక్షుడు ప్రకటించాడు. ఆదర్శ గృహం ఎవరిదో చెప్పలేదు. చెప్పాల్సిన పనిలేదు.

ఇక సోమవారం నుంచి ఆ వారమంతా ఆయనకి తిండీ నిద్రా లేవు. మధ్యాహ్నాలు కూడా బయటే, ఇంటింటికీ తిరిగి గడియలు ఊపి చూడటమే. రాత్రి భోజనం వీధి మూలనున్న చేపల వేపుడు కొట్లో నిలబడి కానిచ్చేవాడు. మంగళవారం బ్యాటరీల కోసం ఒకసారి ఇంటికి వచ్చాడు. ముందుగది ఎందుకో విశాలంగా కనబడింది. సర్దినట్టుంది, అనుకున్నాడు.

"డోరీన్, నా బ్యాటరీలెక్కడ?"

వంటింట్లోంచి ఆడగొంతు, "ముందు ఉల్లిపాయలు ఎర్రగా వేగనివ్వండి," అంది.

పెళ్లయిన ఇన్నేళ్లకి పెళ్లాం తనని 'అండి' అంటోందని క్లిఫర్డ్ మురిసిపోయాడు. వంట మధ్యలో కదిలించడం ఇష్టంలేక బ్యాటరీలు తనే వెతుక్కున్నాడు. గురువారం నాటికి ఆయన సంతోషానికి హద్దులేదు. ఎదురు మాట లేదు, తొట్టిలో అంట్లు లేవు, మేడమీద దీపం వేళకి వెలిగి వేళకి ఆరుతోంది.

"డోరీన్ బాగా దారిలో పడింది," అన్నాడు పెర్సీతో.

"ఆఁ, సోమవారమే పడింది," అన్నాడు పెర్సీ.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇల్లు గెలిచేశానన్న ధీమాతో క్లిఫర్డ్ శుక్రవారం సాయంత్రం రచ్చకెక్కాడు. నస్రీన్‌నీ సంఘాన్నీ తన ఇంటి ఎదురుగా నిలబెట్టి, చెయ్యెత్తి చూపించాడు. ముందుగది వెలిగింది. రేడియో పలికింది. మెట్లు వెలిగాయి. మేడమీద గది వెలిగింది. గేటు తీస్తే రెక్స్ మొరిగింది.

"చాలా బాగా చేశారు మిస్టర్ ఆగ్డెన్," అంది నస్రీన్. "ఇల్లు ఖాళీ అంటే ఎవరూ నమ్మరు."

"ఖాళీ ఏమిటమ్మా? మా ఆవిడ మేడమీదుంది."

పెర్సీ తన టార్చి ఆర్పేశాడు.

"మేడమీదెందుకుంటుంది క్లిఫర్డ్?" అంది బెరిల్. "సోమవారమే వెళ్లిపోయిందిగా, చెల్లెలు ఐరిస్ దగ్గరికి."

"నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పేదేమిటి, కళ్లారా చూశాను. నువ్వు చేపల కొట్లో ఉండగా వ్యాను తెప్పించుకుంది. మెట్లమీద టార్చి పట్టింది నేనే."

"చూసి నాకు చెప్పలేదా?"

"తెలియని మొహాలైతే చెప్పమన్నావు. డోరీన్ మొహం మాకు తెలుసు."

"పెట్టెలు నేను దించాను," అన్నాడు పెర్సీ వినయంగా. "వాలుకుర్చీ కూడా. అది కాస్త బరువే. సాయం పట్టమన్నావుగా."

"ఆపొద్దూ?"

"ఏమని ఆపను? దొంగతనం కాదుగా. తనని తనే తీసుకుపోయింది."

నస్రీన్ చిన్నగా దగ్గింది. "ఇంట్లోంచి ఏమన్నా పోయాయా మిస్టర్ ఆగ్డెన్? ఫిర్యాదు రాసుకోమంటారా?"

క్లిఫర్డ్ లోపలికి వెళ్లాడు. వంటింట్లో ఆడగొంతు రేపు పొగమంచు పడుతుందని చెబుతోంది. రేడియో కట్టేశాడు. మేడమీదికి వెళ్లి చూస్తే, దీపం వెలుగులో దుప్పటి మడత నలగని మంచం. నాలుగు రోజులుగా ఒక దీపాన్నీ ఒక డబ్బానీ పెళ్లామనుకుని కాపురం చేశాడు, పైగా ఆ నాలుగు రోజులూ సుఖంగా ఉన్నానని ఊరంతా చెప్పుకున్నాడు. సిగ్గు తర్వాత వచ్చింది. ముందు భయం వేసింది, ఇంతకాలం వీధికి నేర్పిన భయం కాదు, వేరేది.

ఆ కోటుతోనే ఐరిస్ ఇంటికి పరుగెత్తాడు. తలుపు గొలుసు మేర తెరుచుకుని ఆగింది.

"ఎవరు?" డోరీన్ గొంతు.

"నేనే."

"దొంగలందరూ అలాగే అంటారు. గుర్తింపు చూపించు."

"డోరీన్, ఆటలా ఇవి?"

"కరపత్రంలో ఉందిగా."

మెడలో వేలాడే కాపలా సంఘం కార్డు తీసి సందులోంచి ఇచ్చాడు.

"ఫోటో కలుస్తోంది," అంది ఆవిడ. "కానీ కార్డు ఎవరైనా కొట్టేయొచ్చు. ఒక్కటి అడుగుతాను, చెప్పు. మొన్న ఏప్రిల్లో నాకు కంటి ఆపరేషన్ అయింది. ఏ కన్ను?"

వీధిలో ప్రతి కారు నంబరూ కళ్లు మూసుకుని చెప్పగలడు క్లిఫర్డ్. ఇప్పుడూ కళ్లు మూసుకున్నాడు. ఆస్పత్రికి ఆవిడని తీసుకెళ్లింది ఐరిస్. ఆ రోజు తనకి చెత్తడబ్బాల గురించి సమావేశం ఉంది. ఇంటికొచ్చినప్పుడు ఆవిడ కంటికి తెల్లటి కట్టు ఉండటం గుర్తుంది. ఎంత తలచుకున్నా ఆ కట్టు ఒక కంటిమీద నిలవలేదు, అటూ ఇటూ మారిపోతూనే ఉంది.

"ఎడమ," అన్నాడు.

గొలుసు కదల్లేదు.

"కుడి," అంది డోరీన్. కోపంగా అన్నా బాగుండేది. "దారినపోయేవాణ్ణి అడిగినా సగంసార్లు సరిగ్గా చెబుతాడు క్లిఫ్."

"తప్పయిపోయింది. గస్తీ మానేస్తాను. వారానికి ఒక సాయంత్రమన్నావు, అన్నీ నీవే. తలుపు తియ్యి."

"ఒక్కటడిగినప్పుడు ఒక్కటిచ్చుంటే సరిపోయేది." ఆవిడ కార్డు సందులోంచి తిరిగి ఇచ్చింది. "చీకటి పడ్డాక ఎవరో తేలనివాళ్లకి తలుపు తీయకూడదు. వెలుతురుండగా రా, మాట్లాడదాం."

"వెలుతురున్నంతసేపూ నువ్వు పనిలో ఉంటావుగా."

"పర్లేదే, నా గురించి ఆ మాత్రం తెలుసు నీకు," అంది. తలుపు మూసుకుంది. పైగడియ పడింది, తర్వాత కింది గడియ.

క్లిఫర్డ్ మెట్లమీద నిలబడి లెక్క వేసుకున్నాడు. ఆవిడ మూడింటికి వస్తుంది. ఆ తర్వాత వెలుతురుండేది ఒక గంట, మబ్బు పడితే అదీ ఉండదు. ఇంకా నవంబరే, పొద్దు రోజురోజుకీ తరుగుతోంది.