రాళ్ళు తేకూడదు, ఇది జియాలజీ క్లబ్బు

మన పల్నాడు పిల్లలకి రాయి అంటే ఏందో తెలియదు. బళ్ళో జియాలజీ క్లబ్బు పెట్టేదాకా ఈ సంగతి నాకూ తెలియదు. అందుకే చెబుతున్నాను, ప్రతి బడికీ ఒక జియాలజీ క్లబ్బు ఉండి తీరాలి. ఒకటి చాలకపోతే రెండు పెట్టండి!

నవ్వకండి. గురజాలలో మా వీధినే తీసుకోండి. గోడ కట్టింది రాయితో, గుమ్మం ముందు పరిచింది రాయి, బట్టలుతికేది నాపరాయి, బర్రెల నీళ్ళ తొట్టి కూడా నాపరాళ్ళు నిలబెట్టి కట్టిందే. ఇన్ని రాళ్ళ మధ్య పెరిగిన పిల్లలకి గర్వం రాదా? మాకు తెలిసినవేలే అనుకోరా? ఆ గర్వం అణచటానికే నరసరావుపేట నుంచి క్లబ్బు దిగింది.

అధ్యక్షులు నాగభూషణరావు గారు. ఎరువుల వ్యాపారం. భూమి మీద ఏం చల్లాలో తెలిసిన మనిషి కాబట్టి భూమి లోపలి సంగతులు కూడా ఆయనకే అప్పజెప్పారు. ప్రారంభోత్సవం రోజు ఆన్‌లైన్‌లో తెప్పించిన పెట్టె తెరిచారు. పెట్టెలో దూది, దూదిలో గాజు డబ్బీ, డబ్బీలో ఉసిరికాయంత రాయి.

"దీన్ని లైమ్‌స్టోన్ అంటారు. ఎవరూ ముట్టుకోకూడదు" అన్నారు.

వెనక వరసకి కనపడలేదు. హాలంతా పరిచిన నాపరాళ్ళ మీద కూర్చున్న పిల్లలు, ఆ నాపరాళ్ళ మీదే లేచి నిలబడి, మెడలు సాచి సున్నపురాయిని దర్శనం చేసుకున్నారు. కాళ్ళ కింద ఉన్నదీ అదే జాతి అని ఎవరూ నోరు జారలేదు. సభామర్యాద అంటే అట్లా ఉండాలి.

మేలు పిల్లలకేనా? తల్లులకి అంతకన్నా ఎక్కువ. క్లబ్బు ఎగ్జిబిషన్‌కి వర్కింగ్ మోడల్స్ తేవాలని క్లబ్బు వాట్సాప్ గ్రూపులో పడింది. సభ్యులు ఎనిమిదో క్లాసు పిల్లలు. మోడల్ చేసేది ఎవరో విడిగా చెప్పాలా? నేనూ, పక్కింటి కుల్సుం కలిసి మా వంటింట్లో ఒక అగ్నిపర్వతం కట్టాం. థర్మాకోల్, వంటసోడా, వెనిగర్, పైన రంగుకి కుంకుమ.

"వదినా, మన గురజాలకీ అగ్నిపర్వతానికీ ఏంది సంబంధం?" అంది కుల్సుం, వేళ్ళకంటిన జిగురు గీక్కుంటూ.

"ఏమీ లేదు. ప్రైజు అందుకే వచ్చేది."

"మరి పిల్లలేరి?"

"ట్యూషన్‌కి పోయారు. వాళ్ళుంటే మనకి అడ్డం."

పెళ్ళయ్యాక నా బీఎస్సీ డిగ్రీ వాడుకలోకి వచ్చింది ఆ సాయంత్రమే. క్లబ్బు చలవ కాదంటారా?

చిక్కల్లా మా అమ్మాయి నందినితో వచ్చింది. దానికి అగ్నిపర్వతం వద్దట. కుల్సుం కూతురు నాజియానే పట్టుకుపొమ్మంది. వీధి చివర ఎవరింటికో బండలు పరుస్తుంటే, పగిలిన ముక్క ఒకటి ఏరుకొచ్చింది. పుస్తకమంత ముక్క. దాని మీద నల్లగా, సన్నగా, కొమ్మలు కొమ్మలుగా చీలిన గుర్తు. కడిగినా పోలేదు, గీకినా పోలేదు.

"అమ్మా, ఇది ఆకేనా? ఆకైతే రాయిలోకి ఎట్లా పోయింది?"

నాకు తెలియదన్నాను. సైన్సు టీచర్ శ్రీదుర్గని అడిగితే, "సిలబస్‌లో లేదు, క్లబ్బు వాళ్ళొస్తారుగా, వాళ్ళనడుగు" అందట. ఆమెననేదేముంది? క్లబ్బు ఉందిగదా అని భూమి పాఠాల పీరియడ్లు లెక్కల మాస్టారికి ఇచ్చేశారు. పిల్ల ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని ఎగ్జిబిషన్ రోజు కోసం కూర్చుంది. రాయిని లంచ్ బ్యాగులో పెట్టుకుని మరీ పోయింది.

హాల్లో ఎటు చూసినా అగ్నిపర్వతాలే. నాగభూషణరావు గారు ఒక్కొక్కటీ పొంగించుకుంటూ మా పిల్ల దగ్గర ఆగారు.

"మోడల్ ఏదమ్మా?"

"ఇదేనండి."

"ఇది వట్టి రాయి గదా."

"అవునండి. దీని మీదున్నది ఆకేనా అండి?"

"చార్ట్ లేదు, వైరు లేదు, లైటు వెలగదు. రాళ్ళు పట్టుకొస్తే ఎట్లాగమ్మా? పక్కన పెట్టు, ఎవరి కాలికన్నా తగులుద్ది."

జియాలజీ క్లబ్బుకి రాయి తీసుకుపోవటం ఎంత మోటుతనమో అప్పుడు గదా నాకు తెలిసొచ్చింది!

ఈలోగా ఫ్యాను గాలికి వేదిక మీద ఫ్లెక్సు ఊగింది. కార్యదర్శి ప్రసాద్ గారు చుట్టూ చూసి, మా పిల్ల రాయిని తీసుకుపోయి ఫ్లెక్సు స్టాండు కాలి మీద బరువు పెట్టారు. ఫ్లెక్సు మీద ఏం రాసుందో చెప్పనా? 'ప్రశ్నించే పిల్లలే రేపటి శాస్త్రవేత్తలు.' దాని ముందు నిలబడి అందరూ ఫోటోలు దిగారు. నాజియాకి, అంటే నాకూ కుల్సుంకీ, మొదటి బహుమతి ఇచ్చారు.

నందిని వేదిక పక్కకి పోయి, "సార్, నా రాయి" అంది.

"ఫోటోలయ్యేదాకా ఆగమ్మా" అన్నారు ప్రసాద్ గారు.

ఆగింది. ఫోటోలయ్యాయి, ఉపన్యాసాలు మొదలయ్యాయి. క్లబ్బు సేవల గురించి అధ్యక్షులవారు మంచి ఊపులో ఉండగా, మా పిల్ల మెల్లిగా వేదికెక్కి, వంగి, తన రాయి తను తీసుకుని దిగొచ్చింది. ఫ్లెక్సు ఏ తొందరా లేకుండా ముందుకి వాలి అధ్యక్షులవారిని కప్పేసింది. లోపల నుంచి ఉపన్యాసం కాసేపు వినపడింది.

"ఏందే ఆ పని?" అన్నాను.

"నా రాయి నేను తీసుకున్నా. పడేది పడింది."

ఆ సాయంత్రమే పిల్లని క్లబ్బులోంచి, నన్ను గ్రూపులోంచి తీసేశారు.

ఇప్పుడు చెప్పండి, భూశాస్త్రానికి క్లబ్బు ఇంతకన్నా ఏం సేవ చెయ్యాలి? చార్టుల పని లేదు, ఫోటోలకి నిలబడేది లేదు, పిల్లకి సాయంత్రాలు ఖాళీ. మొన్న ఆదివారం సుత్తి అడిగింది, ఇచ్చాను. రాయిని అంచు మీద నిలబెట్టి, పొర కనపడిన చోట చిన్నగా తట్టింది. రెండు పలకలుగా విడిపోయింది. లోపల కూడా గుర్తులు, రెండు పలకల మీదా ఒకటే తీరు. అక్కడే చతికిలబడి చానాసేపు చూసింది.

"అమ్మా, ఇది ఆకు కాదేమో. ఆకైతే కాడ ఉండాలిగా? ఇవన్నీ అంచు నుంచే మొదలై లోపలికి పోతన్నయ్. నీళ్ళేమన్నా దిగినయ్యా? ఎవర్నడగాలి?"

ఆ బళ్ళో అడగదగ్గ మనిషి పేరు ఒక్కటి గుర్తు తెచ్చుకుందామని చూశాను. రాలేదు. సుత్తి మాత్రం వెనక్కి తీసుకోలేదు.