చీమును కడగకండి!

చీము చాలా విలువైనది. దాన్ని కడిగి పారబోసే నర్సులను వెంటనే సస్పెండ్ చేయాలి!

ఊరికే అనడం లేదు. ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలోలో పగలు జనాన్ని ఎక్కించుకుని జీప్నీ బండి తోలి, సాయంత్రం మీకు ఈ సుద్దులు చెప్పే నా కుడికాలి బొటనవేలికి, షుగరు పుణ్యమా అని పుండు పడింది. “లోపలున్నది ఏ క్రిమో తెలిస్తే వేలు దక్కించవచ్చు” అన్నారు డాక్టరు. దక్కాలి మరి! బ్రేకు తొక్కేది ఆ కాలే.

శాంపిల్ తీయడానికి నర్సు మేరిఫ్లోర్ వచ్చింది. చేతిలో సెలైన్ సీసా!

“నోంగ్ అన్నా, ముందు పుండు కడగాలి. పైనున్నది పాత చీము. కింద ఎర్రటి కండ మీంచి తీస్తేనే అసలు దొంగ దొరుకుతాడు.”

మా ఆవిడ పెర్పెతువా గుండె బాదుకుంది. “అయ్యో, దండగ! శాంపిల్‌కి పనికొస్తుందని రెండు రోజులుగా కట్టు విప్పకుండా కాపాడాను కదా ఇందాయ్, చిట్టితల్లీ! పారబోస్తావా?”

అంతలో హెడ్ నర్సు డివినా మేడమ్ గుమ్మంలోంచే కేకేసింది. “కడుగుళ్లూ తోముళ్లూ ఏంటమ్మా? వార్డు నిండా జనం. పైనున్నది అద్దుకుని వచ్చెయ్!”

“ఐదు నిమిషాలు మేడమ్...”

“ఎవరిస్తారు, మీ నాన్నా?”

ఎంత దూరదృష్టి! స్వాబ్ పుల్ల చీములో ముంచగానే పని పూర్తి. నాకు నొప్పి లేదు, మేడమ్‌కు ఆలస్యం లేదు. అంతకన్నా ఏం కావాలండీ?

ఇక రిపోర్టు! మా ఊరి పండగ ఫియెస్టాకి తలుపు తీసి ఉంటే చాలు, దారిన పోయేవాళ్లంతా వచ్చి పంది మాంసం లాగించి పోతారు. నా చీములోనూ అంతే, ఊళ్లో క్రిములన్నీ హాజరు! అన్నిటికీ మందులు రాశారు. నన్ను చూస్తే మందుల షాపు ఆయన లేచి నిలబడేవాడు. కడిగిన పుండుతో ఇంత గౌరవం వస్తుందా? చీములోవాళ్లంతా చచ్చారు. కండలో ఉన్నవాడు మాత్రం నింపాదిగా వేలు తింటూ కూర్చున్నాడు.

వేలు నల్లబడ్డాక మేరిఫ్లోర్ మళ్లీ వచ్చింది. ఈసారి ఎవరినీ అడగలేదు. కడిగింది, తుడిచింది, శుభ్రమైన కండ మీద స్వాబ్ నొక్కి తిప్పింది. నేను ఆస్పత్రి అదిరేలా అరిచాను. రిపోర్టులో ఒక్కటే పేరు! మామూలు మందుకే లొంగే రకమట. “ముందే తెలిసుంటే...” అన్నారు డాక్టరు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోను.

వేలు తీసేసే రోజున నా పాదాన్ని ఒకటికి మూడుసార్లు కడిగారు. డివినా మేడమ్ స్వయంగా పక్కన నిలబడి, “నెమ్మదిగా కానివ్వండి, తొందరేం లేదు” అంది.