రేపు టైలరు పరుగు

ఆ రోజు ఉదయం టైలరు అనుకున్నది ఒక్కటే. మధ్యాహ్నం భోజనం లోపు బడిపిల్లల నిక్కర్లు ముప్పైకీ బొత్తాలు కుట్టేసి, మిషను మీద తల వాల్చి ఓ కునుకు తీయాలి. ఆ వీధిలో అతనికి 'రేపు టైలరు' అని పేరు. బట్టలు ఎప్పుడిస్తావని ఎవరు అడిగినా తల ఎత్తకుండా "రేపు" అనేవాడు. పని మాత్రం బంగారం. అందుకే జనం తిట్టుకుంటూనే వచ్చి కొలతలిచ్చి పోయేవారు.

పెదాల మధ్య నాలుగు గుండుసూదులు బిగించుకుని పనిలో ఉండగా ఫోన్ మోగింది. క్యాన్సర్ రోగుల వసతి గృహం నుంచి వాలంటీరు అమ్మాయి. టైలరు అక్క చికిత్స జరిగిన ఆరు నెలలూ అక్కడే ఉంది. గది ఇచ్చి, అన్నం పెట్టి, పైసా అడగని చోటు. అక్కను ఇంటికి తీసుకొచ్చేటప్పుడు టైలరు గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకుంటూ, ఏ సాయం కావాలన్నా ఒక్క ఫోన్ కొట్టండని మాటిచ్చాడు.

"అంకుల్, మూడు నెలల్లో మారథాన్ పెడుతున్నాం. మీ పేరు రాసుకోనా?"

"రాసుకోమ్మా" అన్నాడు టైలరు సూదుల సందులోంచి. జెండా ఊపడానికో, మంచినీళ్లు అందించడానికో పిలుస్తున్నారనుకున్నాడు.

"మీది ఎంత అంకుల్?"

ఇలాంటి చోట్ల ఉచితంగా టీషర్టు ఇస్తారని అతను విన్నాడు. ఛాతీ కొలత చెప్పాడు. "నలభై రెండు."

అటువైపు అమ్మాయి గొంతు పెంచింది. "నలభై రెండా! నిజంగానా?"

"ముప్పయ్యేళ్లుగా టేపు పట్టుకున్నవాణ్ణి, నాది నాకు తెలియదా? మొన్నటిదాకా నలభయ్యే. ఈ మధ్యే రెండు పెరిగింది."

"అమ్మో! ఎలా పెంచారు?"

"పెంచేదేముంది? కూర్చుని తింటే అదే పెరుగుతుంది."

అమ్మాయి పగలబడి నవ్వింది. ఇంత ఘనుడికి ఇంత వినయమా అనుకుంది పాపం. "చివర్లో ఊపిరాడదేమో కదా అంకుల్?"

"బిగుతుగా ఉంటేనే ఊపిరాడదమ్మా. నేనెప్పుడూ వదులుగానే ఉంచుకుంటాను."

సాయంత్రం అతను కునుకు నుంచి లేచి చూసేసరికి కొట్టు తలుపుకు పోస్టరు అంటించి ఉంది. అందులో అతని ఫొటో. కింద పెద్ద అక్షరాల్లో 'మన టైలర్ గారు! నలభై రెండు కిలోమీటర్లు! రోగులను ఆసుపత్రికి తీసుకెళ్లే వాహనం కోసం!' అని రాసి ఉంది. టైలరు చెప్పింది అంగుళాలు, వాళ్లు రాసుకున్నది కిలోమీటర్లు. అప్పటికే పోస్టరు ముందు పది మంది పోగయ్యారు. పై అంతస్తులో ఉండే ఇంటి యజమాని, రిటైర్డ్ సర్వేయరు, కళ్లజోడు సవరించుకుంటూ రెండోసారి చదువుతున్నాడు.

"నువ్వా? మా మేడ మెట్లు ఎక్కడానికే రెండుసార్లు ఆగుతావు కదయ్యా!"

"అది కాదు సర్వేయర్ గారూ, అసలేం జరిగిందంటే..."

"అసలూ లేదు, కొసరూ లేదు. నా వ్యాను చూశావుగా?" పెరట్లో ఎనిమిదేళ్లుగా ముసుగు కప్పుకుని ఉన్న వ్యానది. ఆయన దాన్ని నడపడు, అమ్మడు, ఎవరినీ ముట్టుకోనివ్వడు. "నువ్వు గనక చివరిదాకా వెళ్తే ఆ వ్యాను వాళ్లకే ఇచ్చేస్తా. పదిమంది ముందు చెబుతున్నా, మాటంటే మాటే!"

ఇచ్చే అవసరం రాదన్న ధీమా ఆయన మీసాల్లో కూడా కనిపించింది.

ఫోన్ చేసి తప్పు ఒప్పేసుకుందామని టైలరు ఇంట్లోకి పరుగు లాంటి నడకతో వెళ్లాడు. అక్కడ అక్క నవ్వుతోంది. మంచం పట్టె పట్టుకుని, కడుపు పట్టుకుని, కళ్లలో నీళ్లు కారేలా నవ్వుతోంది. "సందు చివర సబ్బు తెమ్మంటే బండి తీసేవాడివి... నువ్వు... మారథాన్!" అని మళ్లీ మొదలుపెట్టింది. జబ్బు పడ్డాక అక్క ఇలా నవ్వడం అతను చూడలేదు. తలకు కట్టుకున్న గుడ్డ జారిపోయినా పట్టించుకోలేదు.

నవ్వు ఆగాక ఆమె నెమ్మదిగా అడిగింది. "ఒరేయ్, ఆయన నిజంగా వ్యాను ఇస్తానన్నాడా? ఇస్తే దాన్ని నేనే నడుపుతాను."

అక్క ఇరవై ఏళ్లు డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పింది. ఊళ్లో సగం మందికి గేరు మార్చడం నేర్పిన చెయ్యి ఏడాదిగా స్టీరింగు పట్టలేదు. టైలరు నోటిదాకా వచ్చిన నిజాన్ని మింగేశాడు. "ఇస్తాడే అక్కా" అన్నాడు.

మర్నాడు తెల్లవారుజామునే భార్య అతణ్ణి రోడ్డు మీదికి నెట్టింది. వంద అడుగులు పరిగెత్తాడో లేదో, బాల్కనీలో పళ్లు తోముకుంటున్న లాయరు చూశాడు. లాయరు నల్లకోటు కుట్టమని గుడ్డ ఇచ్చి మూడు వారాలైంది.

"నా కోటు! నా కోటు ఇవ్వకుండా పారిపోతున్నాడు!"

లాయరు బ్రష్షుతోనే మెట్లు దిగి వెంటపడ్డాడు. పారిపోతున్నాడన్న మాట విని పళ్ల డాక్టరు "మరి నా ప్యాంట్లు?" అంటూ గేటు దూకాడు. వీధి మలుపు తిరిగేసరికి వెనకాల ఏడుగురున్నారు. టైలరు వెనక్కి తిరిగి "రేపు! రేపు!" అని అరిచాడు. దాంతో వాళ్లకు ఒళ్లు మండి వేగం పెంచారు. పార్కు చుట్టూ మూడు కిలోమీటర్లు అతను ఎక్కడా ఆగలేదు. ఆగే వీలు లేకపోయింది.

"వదినా, మీ తమ్ముడు మూడు కిలోమీటర్లు ఏకబిగిన పరిగెత్తారు!" అని భార్య సంబరంగా కబురు మోసింది.

అక్క బట్టల బీరువా తాళంచెవి తీసి తన కొంగుకు ముడేసుకుంది. "బట్టలన్నీ కుట్టు. కానీ మారథాన్ అయ్యేదాకా ఒక్కరికీ ఇవ్వకు."

మూడు నెలలు అలాగే గడిచాయి. పొద్దున్నే ఖాతాదార్లు తరమడం, అతను పరిగెత్తడం. లాయరు పొట్ట తగ్గింది. పళ్ల డాక్టరుకు నిద్ర బాగా పడుతోంది. ఆ పరుగు మారథాన్ కోసమని తెలిశాక వాళ్లు కోపం మానేశారు గానీ తరమడం మానలేదు. పైగా కొత్తవాళ్లు పనిగట్టుకుని గుడ్డలు తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు.

మారథాన్ రోజున అక్క దారి పొడవునా మనుషుల్ని నిలబెట్టింది. రెండేసి కిలోమీటర్లకు ఒకరు ఎదురుచూసి, "ఏదయ్యా నా చొక్కా?" అంటూ తరుముతారు, అలిసిపోగానే ఇంకొకరికి అప్పగిస్తారు. అనుకోకుండా సర్వేయరు కూడా తయారయ్యాడు. మధ్యలో ఆటో ఎక్కి మోసం చేస్తాడేమోనని అనుమానం. ఆ దారిలో బండ్లను రానివ్వరు కనుక, టైలరుకు సహాయకుడిగా పేరు రాయించుకుని, గొడుగు పట్టుకుని పక్కనే నడిచాడు. ముప్పై అయిదేళ్లు చేలగట్ల మీద తిరిగిన కాళ్లు. అడుగులు లెక్కపెట్టుకుంటూ చెమటైనా పట్టకుండా వస్తున్నాడు.

ముప్పై ఒకటో కిలోమీటరు దగ్గర తరమాల్సిన పళ్ల డాక్టరే తొడ పట్టేసి కూలబడ్డాడు. టైలరు అతని పక్కనే చతికిలబడ్డాడు. అక్క ముఖం గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

"నా వల్ల కాదు సర్వేయర్ గారూ. మీ వ్యాను మీకే మిగిలింది. వెళ్లి హాయిగా పడుకోండి."

"లే!" అన్నాడు సర్వేయరు.

"ఆఁ?"

"లేవయ్యా! ఆ బోర్డు చూడు. ముప్పై ఒకటి అని రాశారు. నా లెక్కన ఇంకా తొమ్మిది మీటర్లుంది. భూమి కొలిచి బతికినవాణ్ణి, నా కళ్ల ముందే తప్పుడు బోర్డు పెడతారా? చివరిదాకా కొలిచి నిరూపిస్తా. ఛాతీ మీద పోటీ నంబరున్నవాడు పక్కన లేకపోతే నన్ను గెంటేస్తారు. లే!"

టైలరు లేవకపోతే చంక కింద చెయ్యి వేసి లేపాడు. నడవకపోతే గొడుగు కొనతో పొడిచాడు. దారంతా ఆ తొమ్మిది మీటర్ల గురించే తిట్టాడు. మిగతా పదకొండు కిలోమీటర్లూ టైలరును నడిపించినవాడు, అతను ఓడిపోవాలని ముందురోజు దాకా కోరుకున్న మనిషే. పోటీ ముగించడానికి పెట్టిన గడువుకు ఆరు నిమిషాల ముందు ఇద్దరూ గీత దాటారు. అక్క తలకు గుడ్డ లేకుండా వచ్చింది. అంగుళం పెరిగిన జుట్టు ఎండకు మెరుస్తోంది. తమ్ముణ్ణి వాటేసుకుని ఏడ్చింది, నవ్వింది.

"పన్నెండు మీటర్లు తక్కువ!" అని సర్వేయరు విజయగర్వంతో గొడుగు పైకెత్తాడు.

"తాళాలు సార్" అని వాలంటీరు అమ్మాయి చెయ్యి చాపింది.

సర్వేయరు ఆ చేతిని చూశాడు, టైలరును చూశాడు, తన కాళ్లను చూసుకున్నాడు. అన్ని అడుగులు లెక్కపెట్టినవాడికి టైలరును నడిపించి తన వ్యాను తానే పోగొట్టుకుంటున్నానన్న ఈ ఒక్కటీ లెక్కకు రాలేదు. "దూరం తగ్గింది కాబట్టి... చివరిదాకా వెళ్లినట్టు కాదేమో" అని నసిగాడు.

"పన్నెండే కదా అన్నయ్యగారూ" అంది అక్క. "ఒరేయ్, పద."

టైలరు ఆ పన్నెండు మీటర్లూ మోకాళ్ల మీద పాకాడు. సర్వేయరు పక్కనే వంగి కొలిచి, పన్నెండో మీటరు దాటగానే జేబులోంచి తాళాలు తీసి అక్క చేతిలో పెట్టాడు. ఎందుకో ఆయన కళ్లూ చెమర్చాయి.

మర్నాడు ఉదయం వ్యాను ముసుగు తీశారు. తాళం తిప్పితే కిక్కురుమనలేదు. బట్టలు అందుకోవడానికి వచ్చినవాళ్లంతా కోట్లూ చొక్కాలూ భుజాన వేసుకుని వెనక నుంచి తోశారు. కాళ్లు కర్రల్లా బిగుసుకుపోయిన టైలరు కూడా ఓ చెయ్యి వేశాడు. వీధి మలుపులో వ్యాను దగ్గి, ఉలిక్కిపడి, ఒక్కసారిగా కదిలింది. తోసినవాళ్లు కేకలు పెడుతూ ఒక్కొక్కరే ఎక్కేశారు. స్టీరింగు ముందు అక్క ముఖం పదేళ్లు చిన్నదై వెలిగిపోతోంది. టైలరు ఒక్కడే రోడ్డు మీద మిగిలాడు.

"అక్కా, ఆపవే!"

కిటికీలోంచి అక్క తల బయటపెట్టింది. "ఆపితే మళ్లీ స్టార్టవ్వదురా! పరిగెత్తి ఎక్కు!"

అతను పరిగెత్తాడు. అది ఎంత దూరమో సర్వేయరు కొలవలేదు, ఆయన అప్పటికే ముందు సీట్లో కూర్చున్నాడు.