తడవని తెడ్డు

స్వస్తి! బైలదిలా పర్వతరాజము తన ఎర్రని ఇనుపరాతి గుండెకాయను వ్యాగన్లకొద్దీ సముద్రతీరమునకు ధారపోయుచుండిన గనుల యుగమున, బచేలి కాలనీలో ఉదయము ఆరవేసిన తెల్లపంచె సాయంకాలమునకు సన్న్యాసివస్త్రమై ఇల్లు చేరుచుండిన దినములలో, గీదము కూడలికి ఆవల, బార్సూరు దాపున, ఇంద్రావతీ మహానది వానలు వెనుకబట్టి నిండుగా, నిదానముగా ప్రవహించుచుండిన ఒకానొక ఆదివారమున, డంపర్ల గ్యారేజీకి మెకానిక్కును, రమణమ్మకు భర్తయు, తైలకళంకాలంకృతకరుండును అగు గవర్రాజు అను మహావీరుడు యుద్ధసన్నద్ధుడయ్యెను. తైలకళంకాలంకృతకరుడంటే చేతుల నిండా జిడ్డున్నవాడని. ఇంత పొడుగు వాక్యం చెప్పేసరికి నాకూ ఆయాసం వచ్చింది. ఏం చేయను, వీరుడు చిన్నవాడైనప్పుడు వాక్యమైనా పెద్దది కావాలి కదా!

శత్రువెవరంటారా? పడవ వెనక తగిలించే మోటారు. గవర్రాజూ, ఆయన బావ భూషణమూ కలిసి విశాఖ హార్బరులో పాతది బేరమాడి తెచ్చుకున్నారు. భూషణం స్వయానా రమణమ్మకు అన్న, కిరందుల్ గనిలో కన్వేయరు బెల్టు చూసుకునే మనిషి. ఈ మోటారు మామూలుది కాదు. పెట్రోలుకు ఒక ట్యాంకు, ఆయిలుకు వేరే చిన్న ట్యాంకు. లోపలెక్కడో ఒక పంపు కూర్చుని ఇంజనుకు కావలసినంత ఆయిలు చుక్కచుక్కగా అందిస్తుంది. అందిస్తుందనే భూషణం నమ్మకం. కంటికి కనపడని పంపును నమ్మి ఇంజను ప్రాణం దానికి అప్పజెప్పడమేమిటి, ఆయిలు మన చేత్తో ముందే పెట్రోల్లో కలిపేసుకుంటే పోదా అని గవర్రాజు వాదం. ఈ విధముగా కలుపుమతమునకును చుక్కమతమునకును నడుమ ఘోరసంగ్రామము ప్రజ్వరిల్లి, పెళ్లిళ్లలో, పేకాటలో, చివరికి సంతాపసభల్లో కూడా చెలరేగుచుండెను.

వాదం ఎవరిదైనా, మోటారు మాత్రం రెండుసార్లు నది నడుమ ఆగిపోయింది. రెండుసార్లూ బావలిద్దరూ తెడ్డు వేసుకుంటూ, అరచేతులు బొబ్బలెక్కించుకుని ఒడ్డు చేరారు. దానితో సహనవసుంధరయగు రమణమ్మ ప్రళయదుర్గయై శపథము చేసెను. ఆమె అన్న మాటలు మాత్రం ఇవి:

“ఈసారి నేనూ వస్తాను. తెడ్డు నీళ్లలో తడిసిందా, మోటారు గీదం సంతలో పెట్టి గ్రైండరు కొనుక్కుంటాను. తడవకుండా ఒడ్డు చేరిస్తే మళ్లీ దాని జోలికి రాను. ఇంకోమాట, మీరు అందులో ఆయిలు కలపకూడదు. అన్నయ్య పంపేదో దాన్ని చూసుకోనివ్వండి.”

గవర్రాజు పులిహోర క్యారేజీ మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టాడు. పెట్టాడు కానీ పంపు మీద నమ్మకం మాత్రం కుదరలేదు. వారమంతా డంపరు కింద వెల్లకిలా పడుకుని ఎర్రమట్టి తినేవాడికి ఆదివారం ఆ నీళ్ల మీది గాలి ఒక్కటే సొంత ఆస్తి. ఆ మోటారంటే ఆయనకు ప్రాణం. అది పోయి దాని చోట గ్రైండరు తిరుగుతుంటే ఆ చప్పుడు విని బతకడం ఆయన వల్ల కాదు.

అందుచేత ఆ మహావీరుడు పడవ కడిగే నెపంతో అందరికన్నా ముందే నది చేరాడు. పడవను కాపలా కాసేవాడు హుంగా, ఆ ఒడ్డునే గుడిసె ఉన్న మురియా గిరిజన రైతు. ఇద్దరికీ ఉమ్మడి భాష బజారు హిందీ. ఒట్టు తన చేతిది గాని హుంగా చేతిది కాదు కదా అని ధర్మసూక్ష్మం వెతుక్కున్నాడు గవర్రాజు. ఎర్రమూత ఆయిలు సీసా చూపించి, ఇదే ‘తేల్’, పెట్రోలు ట్యాంకులో కొంచెం డాల్ దో అన్నాడు. హుంగా కొంచెం పోశాడు. వీరుడు ఏమీ ఎరగనట్టు వెళ్లి పడవ తోముతూ కూర్చున్నాడు.

ఇక్కడే విధి నవ్వింది. ఆ దేశపు హిందీలో తేల్ అంటే ఆయిలూ తేలే, పెట్రోలూ తేలే. చెల్లెల్ని వెంటబెట్టుకుని దిగిన భూషణం, క్రిందటి వారపు పెట్రోలు అడుగున మిగిలిన ట్యాంకును తట్టి, “తేల్ ఫుల్ డాల్ దో, హుంగా” అని కేకేసి మూత్రవిసర్జనార్థమై పొదల చాటుకు వెళ్లాడు. తేల్ అంటే ఏదో హుంగాకు ఇందాకే నేర్పారు. బుద్ధిగా ఎర్రమూత సీసా మొత్తం ట్యాంకులోకి వంచేశాడు. పెట్రోలు క్యాను కదపకుండా పడవలోనే వదిలేశాడు.

అంతట రణభేరి మ్రోగెను. తాడు లాగగానే మోటారు గర్జించి, ధూమకేతుసమానమగు నీలధూమమును దిక్కులు నిండ వెడలగ్రక్కెను. పులిహోర క్యారేజీ కనపడలేదు. రమణమ్మ దగ్గుతూ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. “చూశావా బావా, పంపు పనిచేస్తోంది” అని పొగలోంచి భూషణం గొంతు వినిపించింది. నది నడుమకు చేరీ చేరగానే మోటారు ఒక ఎక్కిలి ఎక్కి, రెండో ఎక్కిలి సగంలో మింగి, ఊరుకుంది.

నిశ్శబ్దము! అంతట భూషణుడు, ఓరీ మతభ్రష్టా, నా పంపును శంకించి సంకరతైలమును సృజించితివా యని సింహనాదము చేసెను. అంటే, “ఆయిలు కలిపావేటి బావా?” అన్నాడు. గవర్రాజు మొహం తిప్పుకుని, “హుంగా చేత, కొంచెమే” అన్నాడు. కొంచెమైతే ఇంత పొగ రాదని భూషణం ఎర్రమూత సీసా ఎత్తి చూశాడు. ఖాళీ. ఎవరేం చెప్పారో, హుంగా ఏం పోశాడో ఇద్దరికీ ఒక్కసారే వెలిగింది. పంపు చుక్కలు, గవర్రాజు కొంచెం, భూషణం ఫుల్లు, అన్నీ కలిసి మోటారుకు నూనె స్నానం చేయించాయి. చుక్కమతమూ కలుపుమతమూ ఒకే జిడ్డులో మునిగాయి.

రమణమ్మ నెమ్మదిగా తెడ్డు వైపు చెయ్యి చాపింది.

“ఆగవే” అన్నాడు గవర్రాజు. ఆ గొంతులో వీరమేమీ లేదు, ఏడుపే ఉంది. “ఒట్టు తప్పాను. తప్పే. ఒక్కసారి చూడనీ.”

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆయన జేబులోంచి స్పానరు తీసి ఇంజను స్పార్కు ప్లగ్గు విప్పాడు. అది వేపుడు మూకుడు అడుగులా నల్లగా, జిడ్డుగా ఉంది. గీకడానికి సన్నటిదేదైనా కావాలంటే రమణమ్మే గాజులకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. పిన్నీసాయుధుండై వీరుడు మసిరక్కసుని చీల్చి చెండాడుచుండ, భూషణం కదపని పెట్రోలు క్యాను ఎత్తి ట్యాంకులో వంచి, జిడ్డు విరిగేలా కలిపాడు. అవును, చుక్కమతాచార్యుడే తన చేత్తో కలిపాడు. ఈ సందట్లో ఇంద్రావతి తన పని తాను చేసుకుపోతూ, పడవను గుండ్రంగా తిప్పి ఒడ్డు పక్కకు నెట్టుకుపోతూనే ఉంది.

తాడు లాగాడు. లాగాడు. భుజం పట్టేసింది. ఇద్దరు బావలూ ఒకే తాడు పట్టుకుని లాగారు. మోటారు తుమ్మింది, దగ్గింది, ఒక్క ఉదుటున పడవను ముందుకు తోసి మళ్లీ ఆగింది. ఆ తోపుకే పడవ ముక్కు ఇసుకలో కస్సున దిగింది.

తలెత్తి చూస్తే ఎదురుగా, పడవ వెంటే ఒడ్డున నడిచి వచ్చిన హుంగా. బయలుదేరిన ఒడ్డే.

రమణమ్మ తెడ్డు అందుకుని దాని వెడల్పాటి కొసను అరచేత్తో తడిమి చూసింది. పొడిగా ఉంది. తీర్పు చెప్పింది. “ఒడ్డు అన్నాను. ఏ ఒడ్డో అనలేదు. ఉంచుకోండి మీ మోటారు.”

గవర్రాజు కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ వల్లనని చెప్పాడు.

“గ్రైండరు లేదు కాబట్టి,” అంది రమణమ్మ చెయ్యి కడుక్కుంటూ, “రేపటి ఇడ్లీకి పప్పు మీరిద్దరే రుబ్బాలి.”

జయము! జయము! దిగ్విజయయాత్రకు బయలుదేరి బయలుదేరిన చోటికే చేరిన వీరద్వయము, శుష్కారిత్రమును ధ్వజముగా నెత్తి బచేలి ప్రవేశించెను. శుష్కారిత్రమంటే పొడి తెడ్డు. ఆ సాయంకాలం రుబ్బురోలుకు అటొకరు ఇటొకరు కూర్చున్నారు. పొత్రం ఇంకా కదలలేదు. భూషణం చెంబు పట్టుకుని, నీళ్లు చుక్కచుక్కగా పోస్తూ రుబ్బాలన్నాడు.

“ఏటి బావా,” అన్నాడు గవర్రాజు, “ముందే కలిపేస్తే పోదేటి?”